ఎంక్వైరీ కిటికీ దగ్గర రేసు కారు

మన దిక్కు ఘన్‌పూర్లు ఒకటికి రెండున్నాయి. కోటగుళ్లున్న ఘనపురం భూపాలపల్లి వైపు ఉంటే, సికింద్రాబాద్–కాజీపేట రైలు దారి మీద ఉన్నది ఇంకొకటి. తికమక లేకుండా ఈ రెండో దాని పేరుకు ‘స్టేషన్’ తగిలించారు. ఇప్పటి పిల్లల భాషలో దీన్ని ప్యాచ్ అంటారు. ఆ ఒక్క ప్యాచ్‌తోనే ఊరు తరాలు నెట్టుకొచ్చింది. 2016 అక్టోబరులో వరంగల్ జిల్లా నుంచి జనగామ జిల్లాలోకి మారడం ఆ తర్వాతి పెద్ద అప్‌డేట్, దానికి ఎవరి ఫోన్లోనూ ఖాళీ జాగా అడగలేదు. ఇంత నింపాదిగా మారే ఊళ్లో కూడా ఇవాళ ఇంటర్ చదివే పిల్లవాడు ఫోన్లో రేసింగ్ ఆట తెరిచి, మూడు వారాలుగా కొత్త కారు రాలేదని ఎక్కడో ఉన్న కంపెనీకి ఒక్క స్టార్ కొట్టి, ‘డెడ్ గేమ్’ అని తీర్పు రాసి పడుకుంటాడు. అదే ఇంట్లో తండ్రి దేవాదుల ఎత్తిపోతల నీళ్లు చివరి మడి దాకా ఎప్పుడొస్తాయా అని ఇరవై ఏళ్లుగా కాలువ వైపు చూస్తుంటాడు. ఆయనా స్టార్లు కొడతాడు గానీ, అయిదేళ్లకోసారే.

ఈ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ‘ఈ తరానికి ఓపిక లేదు’ అని తేల్చేయడం తేలిక. అరుగు మీద కూర్చున్న పెద్దలు ఆ పని రోజూ చేస్తూనే ఉన్నారు. నేను మాత్రం ఒప్పుకోను. ఓపిక సంగతి తెలియాలంటే స్టేషన్ దాకా నడవాలి. ప్యాసింజర్ బండి గంటన్నర లేటని మైకులో చెప్పారనుకోండి. జనం ఏం చేస్తారు? తువ్వాల పరుస్తారు, పల్లికాయ పొట్లం విప్పుతారు, పక్కవాళ్ల బిడ్డ పెళ్లి ముచ్చట కదుపుతారు. అదే బండి ఇరవై నిమిషాలే లేటు, కానీ ఎవరూ ఏమీ చెప్పలేదనుకోండి. పది మంది పట్టాల అంచుకు పోయి మెడలు చాచి చూస్తారు, నలుగురు ఎంక్వైరీ కిటికీ మీద పడతారు, ఒకాయన రైల్వే శాఖ మొత్తాన్ని ప్రైవేటుకు అమ్మేస్తాడు. మనిషిని కాల్చేది ఆలస్యం కన్నా కిటికీ వెనకాల మౌనమే. రేసింగ్ ఆటలు ఆడేవాళ్ల కోపాన్నీ నేను ఇలాగే చదువుతాను. ‘వారానికోసారి ఇవ్వాలా, నెలకోసారి ఇవ్వాలా’ అని తయారీదార్లు తలలు పట్టుకుంటున్నారు గానీ, కిటికీ ముందు నిలబడ్డవాడు అడుగుతున్నది ‘ఎప్పుడొస్తది సార్?’ అని ఒక్కటే.

దీనికి ఆధారం కావాలంటే ఫోర్జా హొరైజన్ 5 చూడండి. 2021 నవంబరులో వచ్చిన ఆట, మెక్సికో రోడ్ల మీద నడుస్తుంది. అందులో గురువారం గురువారం సీజన్ మారుతుంది. నాలుగు వారాలకు నాలుగు రుతువులు, అవి అయిపోతే కొత్త సిరీస్. మనవాళ్లు కొందరు గురువారం సాయిబాబా గుడికి ఎంత నియమంగా పోతారో, ఆడేవాళ్లు అంత నియమంగా ఆ రోజు ఆట తెరుస్తారు. తెరిచి చూస్తే ఏముంటుంది? చాలా వారాలు పాత రోడ్డే, పాత మలుపే, కాకపోతే వాన పడుతుంటుంది. అయినా వచ్చినవాడు వట్టి చేతులతో పోడు. ఇది మన అంగడి లెక్క. వారం వారం జరిగే అంగడిలో కొత్త కూరగాయ పుట్టిన దాఖలా లేదు. పోయిన వారం టమాటాలే ఈ వారమూ ఉంటాయి, ధర ఒక్కటే మారుతుంది. కానీ అంగడి చెప్పిన రోజున జరుగుతుంది గనక జనం సంచులు పట్టుకుని బయల్దేరతారు. ‘ఈసారి అంగడి ఎప్పుడో తర్వాత తెలియజేస్తాం, మీ అభిమానానికి కృతజ్ఞతలు’ అని బోర్డు పెట్టి చూడండి, సంచులు ఎవరి మీదికి విసురుతారో.

ఇక తరచుగా ఇస్తే మంచిదేగా అనేవాళ్లకు గ్రాన్ టురిస్మో 7 కథ చెప్పాలి, కాస్త తీరిగ్గానే చెప్పాలి. సోనీ ప్లేస్టేషన్ కోసం జపాన్‌లోని పాలిఫోనీ డిజిటల్ తయారుచేసిన ఆట అది. 2022 మార్చి 4న విడుదలైంది. రెండు వారాలు తిరక్కుండానే 1.07 అనే అప్‌డేట్ వచ్చింది. వచ్చీ రాగానే ఆటను ఆపేయాల్సి వచ్చింది. ఈ ఆటకు ఒంటరిగా ఆడుకోవడానికి కూడా చాలా వరకు ఇంటర్నెట్ కావాలి గనక, డబ్బు పెట్టి కొన్నవాళ్లంతా ముప్పై గంటలకు పైగా ఇంట్లోనే, సొంత టీవీ ముందే, సొంత రేసు కారు బయటికి తీయలేక కూర్చున్నారు. పైగా అదే అప్‌డేట్‌లో కొన్ని రేసులు గెలిస్తే వచ్చే బహుమతి సొమ్ము కోసేశారు. గొడవ ముదిరితే ఆట సృష్టికర్త కజునోరి యమౌచి క్షమాపణ చెప్పి, ఆటగాళ్లకు పది లక్షల క్రెడిట్లు ఇచ్చారు. పది లక్షలనగానే కళ్లు పెద్దవి చేయకండి, ఆ ఆటలో బాగా ఖరీదైన కారు రెండు కోట్లు. మన లెక్కలో చెప్పాలంటే, పంట పోయినందుకు విత్తనాల సంచి ఇచ్చినట్టు.

అంతటితో అయిపోలేదు. 2024 జులైలో అదే ఆటకు 1.49 అప్‌డేట్ వచ్చింది. కార్ల సస్పెన్షన్, టైర్ల లెక్కలు మరింత నిజంగా ఉండాలని సరిచేశారు. ఫలితంగా కొన్ని కార్లు నేల మీద నిలబడడం మానేశాయి. గేరు వేయకుండానే కప్పల్లా ఎగరడం మొదలుపెట్టాయి, కొన్నయితే రోడ్డు వదిలి ఆకాశంలోకి లేచిపోయాయి. ఎండాకాలంలో బండరాయి మీద కాలు పెట్టిన మేకపిల్లను చూసినవాళ్లకు ఆ దృశ్యం అర్థమవుతుంది. వారం రోజుల్లో 1.50 పంపి వాటిని మళ్లీ నేలకు దించారు. తెలివైనవాళ్లు కష్టపడి, నిజాయితీగా బాగు చేయబోయినా ఇలా జరుగుతుందంటే కారణం ఆ పని తీరులోనే ఉంది. రేసు కారులో ఒక అంకె ఇంకో అంకెను పట్టుకుని వేలాడుతుంటుంది. స్ప్రింగు గట్టితనం మారిస్తే టైరు పట్టు మారుతుంది, టైరు పట్టు మారితే మలుపులో వేగం మారుతుంది, ఆ వేగం మారితే నిన్నటిదాకా ప్రపంచ రికార్డు పెట్టుకున్నవాడు ఇవాళ నలభయ్యో స్థానంలో తేలి తిట్టడం మొదలెడతాడు. కొత్త కారు తేవడమూ చిన్న పని కాదు. కంపెనీ అనుమతి కావాలి, వందల ఫొటోలు తీయాలి, లోపలి స్టీరింగ్ కుట్టు దాకా గీయాలి. ఒక్క కారుకు ఆరు నెలల దాకా పడుతుందని యమౌచి ఒకప్పుడు చెప్పారు. గర్భం తొమ్మిది నెలలు, కారు ఆరు నెలలు. రెండింటి దగ్గరా ‘ఇంకా కాలేదా’ అని తలుపు కొట్టే చుట్టాలు మాత్రం ఒకటే రకం.

తలుపు కొట్టేవాళ్లు ఇంకో సంగతి కూడా ఆలోచించాలి. ఆటల కంపెనీ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు హైదరాబాద్‌లో పెద్ద స్టూడియో ఉంది. రాష్ట్ర ప్రభుత్వం 2016లోనే యానిమేషన్, గేమింగ్ కోసం ఇమేజ్ పేరుతో ఒక విధానం తెచ్చింది. అంటే ఏదో ఒక ఆటలో గోడకు గుద్దితే కారు గోడలోకి దూరిపోతున్నదా అని అర్ధరాత్రి దాకా ఒకే మలుపును రెండు వందల సార్లు గుద్ది చూసేది జనగామ పిల్లో, మహబూబాబాద్ పిల్లవాడో కావచ్చు. మీరు కొట్టిన ఒక్క స్టార్ మీ పక్క ఊరికే వెళ్లి పడుతుందేమో, చూసుకోండి.

ఇక్కడ పెద్దతరం గొంతు సవరించుకుంటుంది. ‘మా రోజుల్లో రోడ్ రాష్ ఆడలేదా? అప్‌డేట్ అనే మాటే లేదు’ అని. నిజమే. కంప్యూటర్లకు 1996లో వచ్చిన ఆ ఆటను మన ఇంటర్నెట్ సెంటర్లలో ఏళ్ల తరబడి అరిగేదాకా ఆడారు. గంటకింతని ఇచ్చి, పక్క బైకు వాణ్ణి గొలుసుతో బాది, పోలీసుకు దొరికి, లేచి వచ్చేవారు. ఒక్క కొత్త బైకు రాలేదు, ఎవరూ అడగలేదు. కానీ ఈ వాదనలో ఒక చిల్లు ఉంది. రోడ్ రాష్ సీడీ మీదిది. కంపెనీ దాన్ని మరిచిపోయినా సీడీ మరవలేదు. ఇప్పటి ఆట అలా కాదు, కంపెనీ సర్వర్‌లో దీపం వెలిగినంతసేపే దాని ప్రాణం. యూబీసాఫ్ట్ వాళ్ల ద క్రూ అనే రేసింగ్ ఆట 2014 డిసెంబరులో వచ్చింది, 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. డబ్బు పెట్టి కొన్నవాడి దగ్గర డిస్కు ఉంది, పెట్టె ఉంది, బిల్లు కూడా ఉంది, ఆట లేదు. ఆ దెబ్బతోనే ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ అనే ఉద్యమం లేచింది, 2025 జులైకల్లా ఐరోపాలో పది లక్షల సంతకాలు దాటాయి. అందుకని అప్‌డేట్ రాకపోతే ఇప్పటి పిల్లవాడు కంగారుపడేది కొత్త కారు కోసం మాత్రమే అనుకోకూడదు. ముసలి తాత పొద్దెక్కినా లేవకపోతే ఇంట్లోవాళ్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తారే, అలాంటి కంగారు అది.

‘అయినా వీళ్లకు ఆశ ఎక్కువ’ అనేది ఇంకో అభ్యంతరం. ఆ ఆశ నేర్పిందెవరు? సీజన్ పాస్ అమ్మి, ‘ఇంకా పది రోజులే’ అని మూలన గడియారం తిప్పి, రోజూ తెరిస్తే నాలుగు నాణేలు చేతిలో పెట్టి అలవాటు చేసినవాళ్లే ఇప్పుడు ‘ఇంత తొందరేంటి’ అంటే, రోజూ చాయ్ పోసి మరిగించి ఒకనాడు చక్కెర లేదన్నట్టుంటుంది. పైగా ఆటగాళ్లంతా అప్‌డేట్ కోసమే చావడం లేదు. మలేయో కంపెనీ 2017లో తెచ్చిన బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా తీసుకోండి. పేరుకు బస్సు ఆట. మనవాళ్ల చేతిలో పడ్డాక రేసు ఆటే, అనుమానం లేదు. ఇండోనేషియా కొండ దారిలో మన ఆర్టీసీ రంగులేసిన పల్లెవెలుగు బస్సు ఎదుటి బండిని రాసుకుంటూ దూసుకుపోతుంటుంది. ఆ రంగులు, అక్షరాలు, డిపో పేరు వేసేది మన కుర్రాళ్లే, పైసా తీసుకోకుండా. వాళ్లకు అప్‌డేట్ అంటేనే గుండె దడ. అసలు ఆట మారితే కష్టపడి చేసిన బస్సు ఒక్కోసారి కదలదు. 2024లో బండ్ల మీద టీఎస్ పోయి టీజీ వచ్చినప్పుడు నిజం ఆర్టీసీతో పాటు వీళ్లూ కూర్చుని అక్షరాలు మార్చుకోవాల్సి వచ్చింది. ఆ పని మీద వాళ్లకు ఏ ప్రభుత్వమూ టీఏ, డీఏ ఇవ్వలేదు.

‘సరే, తేదీ చెప్పి తప్పితే?’ అనేది కాస్త బరువైన ప్రశ్న. గ్రాన్ టురిస్మో 5 వాయిదాల మీద వాయిదాలు పడి, నవంబరు 2 అని చెప్పి, చివరికి 2010 నవంబరు 24న వచ్చింది. తిట్లు పడ్డాయి, జనం కొన్నారు కూడా. నిజం కార్ల సంగతే చూద్దాం. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో మళ్లీ అన్నారు, జనవరిలో రద్దన్నారు. అభిమానులు బాధపడ్డారు, సెక్రటేరియట్ దారిలో రోజూ ఆఫీసుకు పోయేవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. రద్దు కూడా ఒక జవాబే, కిటికీ తెరుచుకుంది, మాట వినపడింది. ఏటా కొత్త ఫార్ములా వన్ ఆట ఇచ్చే కోడ్‌మాస్టర్స్ సంగతీ అంతే. 2026లో కొత్త ఆట ఉండదు, 2025 ఆటకే డబ్బు పెట్టి కొనుక్కునే విస్తరణ ఇస్తాం, తర్వాతి ఆట 2027లో అని 2025 నవంబరులోనే ముందుగా చెప్పేశారు. నచ్చినా నచ్చకపోయినా, తువ్వాల ఎంత పొడుగున పరుచుకోవాలో జనానికి తెలిసింది.

కాబట్టి ఆటలు చేసే బాబులూ, నెలకు నాలుగు కార్లు మాకొద్దు. ‘ఈ నెల ఏమీ లేదు, వచ్చే నెల ఫలానా రోజు రెండు కార్లు, ఒక ట్రాక్’ అని ఒక్క ముక్క రాసి పెట్టండి, చాలు. ఆడే తమ్ముళ్లూ, ఆ రోజు వచ్చేలోపు మీరూ ఒక పని చేసి పెట్టుకోండి. అడుగుతున్న కొత్త ట్రాక్ రెండు మూడు జీబీలు ఉంటుంది, రోజువారీ డేటా ఒకటిన్నర దగ్గర ఆగిపోతుంది, ఫోనేమో ఇప్పటికే నిండిపోయి ఉంది. మేనమామ కూతురి పెళ్లి వీడియో ఎక్కడ దాచాలో ఇవాళే ఇంట్లో అడిగి తేల్చుకోండి.