మ్యాన్ పేజీ మహానుభావులకు

కమాండ్లకు మాన్యువల్ రాసే మహానుభావులారా, కోడుమూరు నుంచి ఒక దండం. మీ రాతలో తప్పొక్కటీ దొరకదు. దొరకనిదల్లా అర్థమే.

మా ఊరి డిగ్రీ పిల్లోడు లినక్స్ నేర్చుకుందామని కూర్చుని, ఫైళ్ళ జాబితా చూపే ఎల్‌ఎస్ గురించి మీ గ్నూ మ్యాన్ పేజీనే అడుగుతాడు. మొదటి ఆప్షన్ ‘-ఎ’: చుక్కతో మొదలయ్యే పేర్లను పట్టించుకోకుండా ఉండకపోవడం. రెండు కాదనడాలు కలిస్తే ఒక అవుననడమని లెక్కేసుకుని వాడు కిందికి దిగుతాడు. ‘-ఎల్’: పొడవు జాబితా పద్ధతి వాడటం. ఏం పొడవు? ఏ గడిలో ఏముంటుంది? చెప్పరు. ఒంటి అక్షరాల ఆప్షన్లే నలభై దాకా ఏబీసీడీల వరసలో నిలబడతాయి. రోజూ వాడేదీ, ఎవరూ వాడనిదీ పక్కపక్కనే, ఒకే హోదాలో! చివర్న ప్రోగ్రాం రాసినవాళ్ళ పేర్లున్నాయి, కాపీరైటుంది, ఫిర్యాదు ఎక్కడ చేయాలో ఉంది. ఉదాహరణ ఒక్కటీ లేదు. పూర్తి వివరాలకు ఇన్ఫో అనే ఇంకో మాన్యువల్ చూడమన్నారు. అంటే ఇంతసేపూ వాడు చదివింది వివరం కాదన్నమాట.

మొదట్నుంచీ ఇంతేనా? 1971 నవంబరు 3 తేదీతో వచ్చిన కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీల తొలి యూనిక్స్ (లినక్స్‌కు నమూనా) మాన్యువల్లో ఎల్‌ఎస్‌కు ఐదే ఆప్షన్లు. ‘-ఎల్’ పెడితే యజమాని, సైజు, చివరిసారి మార్చిన సమయం వగైరా కనబడతాయని అందులో వరసగా చెప్పారు. అప్పట్నుంచి ఆప్షన్లు ఎనిమిదింతలయ్యాయి. వివరణ ఒక్క ముక్కకు కుంచించుకుపోయింది.

కోడుమూరు బస్టాండులో మీరే కండక్టరైతే? “నాయనా, ఈ బస్సు యాడికి పోతాది?” అని అవ్వ అడిగితే మీ జవాబు: “బస్సు [-కూర్చొని | -నిలబడి] [--చిల్లర=ఎంత] ఊరు... వివరణ: బస్సు ప్రయాణికులను బస్సు పద్ధతిలో తీసుకుపోవును. ఇంకా చూడుము: ఆటో, జీపు.” అవ్వకు అర్థమయ్యేలోపు బస్సు గోనెగండ్ల దాటుతుంది. మా కండక్టరు “ఎమ్మిగనూరు, ఆదోని!” అని అరుస్తాడు. చిల్లర సంగతి టికెట్ కొట్టేటప్పుడు.

“మ్యాన్ పేజీ నేర్పడానికి కాదు, తెలిసినవాడు చూసుకోవడానికి” అంటారా? టార్ ఫైలు (ఫైళ్ళ మూట) విప్పే ఆప్షన్ అక్షరాలు తెలిసినవాళ్ళూ మరిచిపోతారు. అందుకే 2013లో టీఎల్‌డీఆర్ పేజీలు పుట్టాయి: కమాండుకు కొన్ని ఉదాహరణలు, అంతే. మీరు వదిలేసిన పనిని వలంటీర్లు ఊరికే చేసిపెట్టారు.

కాబట్టి పైన మూడు ఉదాహరణలు, వాటి కింద వచ్చే ఫలితం పెట్టండి. ఫైళ్ళను చెరిపేసే ఆర్‌ఎం లాంటిదైతే, పోయింది తిరిగి రాదని మొదటి వాక్యంలోనే చెప్పండి. ఆ తర్వాత మీ పాండిత్యం ఎంతైనా పరచుకోండి, ఎవరూ అడ్డు రారు. విడుదలకు ముందు ఆ కమాండు ఎన్నడూ చూడని మనిషికి పేజీ ఇచ్చి నోరు మూసుకుని కూర్చోండి. చదివి పని చేసుకుపోతే అది మాన్యువల్. లేకపోతే అది మీ బయోడేటా.