పిల్ల అన్నం మానేస్తే ఇచ్చే సలహాలు: ఏవి పాటించకూడదు

ఇంటర్ హాస్టల్ నుంచి సెలవులకొచ్చిన పిల్ల కంచం ముందు కూర్చుని, నెయ్యి అంటిన మెతుకుల్ని వేలితో పక్కకు నెడుతుంటుంది. ఇడ్లీ ముక్క చున్నీ చాటుకు పోతుంది. అడిగితే కడుపుబ్బరం అంటుంది, శనివారం ఒక్కపొద్దు అంటుంది. లావైపోతానన్న భయం పైకి చెప్పకపోవచ్చు. మన దేశంలో డాక్టర్లు చూసిన కేసుల్లోనూ చాలామంది చెప్పలేదు. ఇలా తిండి మానేసే జబ్బును అనొరెక్సియా అంటారు. నరసరావుపేటైనా, మాచర్లైనా ఆ ఇంటికి డాక్టరు కంటే ముందు చుట్టాలొస్తారు. వాళ్లు ప్రేమతోనే చెబుతారు. కానీ ఆ మాటల్లో ప్రాణం తీసేవి కూడా ఉన్నాయి.

"ఆర్‌ఎంపీని పిలిచి రెండు గ్లూకోజు సీసాలు ఎక్కించండి, లేచి కూర్చుంటది." అన్నిటికన్నా ప్రమాదం ఇదే. వారాల తరబడి ఎండిన ఒంట్లోకి చక్కెర ఒక్కసారిగా వెళితే ఇన్సులిన్ పెరిగి, రక్తంలో ఉన్న కాస్త ఫాస్ఫేటునూ పొటాషియాన్నీ కణాల్లోకి లాగేస్తుంది. గుండె లయ తప్పుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆకలికి చిక్కిపోయిన ఖైదీలు కొందరు విడుదలై కడుపునిండా తిన్నాక చనిపోయింది ఇలాగే. అందుకే బాగా చిక్కిన పిల్లకు తిండి పెంచడం పెద్దాసుపత్రిలో, రక్తపరీక్షలు చూసుకుంటూ, థయామిన్ ఇస్తూ మొదలుపెడతారు. కళ్లు తిరిగి పడిపోతున్నా, నాడి నిమిషానికి 50 లోపు కొడుతున్నా బజారులో క్లినిక్కు దగ్గర ఆగకండి. గుంటూరు జీజీహెచ్‌కో, మంగళగిరి ఎయిమ్స్‌కో తీసుకెళ్లండి.

"మొండిది, నాలుగు తగిలించు." 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకు ఆరు నెలలు సగం తిండే పెట్టి చూశారు. వాళ్లకూ చిరాకు, దిగులు పట్టుకున్నాయి. తిండి తప్ప వేరే ధ్యాస లేదు, ఒక్క ప్లేటు ముందే చాలాసేపు కూర్చునేవాళ్లు. మీ పిల్లలో మీరు చూస్తున్న మొండితనంలో చాలా భాగం ఆకలిదే.

"ఆసుపత్రిలో పడేసి వచ్చేయండి, అమ్మ పక్కనుంటే గారాలు పోతది." ఫ్రాన్సులో షార్కో లాంటి గొప్ప వైద్యుడు కూడా 1880ల్లో ఇలాగే పిల్లను ఇంటివాళ్ల నుంచి విడదీయాలన్నాడు. మన దేశం వేరే దారి చూపించింది. 1950ల్లో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి కుటుంబాలను రోగుల దగ్గరే ఉంచారు. మనవాళ్లు ఎంతోమంది వెళ్లే వెల్లూరు సీఎంసీ మానసిక వైద్య కేంద్రంలోనూ ఇంటివాళ్లు రోగితోనే ఉంటారు. లండన్ మాడ్స్‌లీ ఆసుపత్రి బృందం 1987లో ప్రచురించిన ఫలితాల్లో, చిన్నవయసులో జబ్బు మొదలై మూడేళ్లు దాటని పిల్లలకు ఒంటరిగా ఇచ్చే చికిత్స కంటే కుటుంబంతో చేసినదే మేలు చేసింది.

ఆ పద్ధతిలో మొదట్లో ఏం తినాలో, ఎంత తినాలో అమ్మానాన్నలే నిర్ణయిస్తారు. పూటపూటా ఒకరు పక్కన కూర్చోవాలి. "ఈ ముద్ద తిను తల్లీ, నేనిక్కడే ఉన్నా" అంటే చాలు, వాదన వద్దు. తిన్నాక కాసేపు కదలనివ్వకుండా కబుర్లు చెప్పాలి, వెంటనే బాత్‌రూముకు పోకుండా చూసుకోవాలి. నాన్న మిరప కోతల్లో ఉన్నా ఒక పూటైనా ఆయన వంతే. తమ్ముడికి తినిపించే పని అప్పజెప్పొద్దు. వాడు అక్కతో ఆడుకుంటే చాలు.

"తల్లి పెంపకం సరిగా లేదు." ఈ మాట అన్నవాళ్లను ఆ పూటకు భోజనాల గదిలోకి రానివ్వకండి. తప్పు మోస్తున్న తల్లి చేతిలో ముద్ద వణుకుతుంది. "పెళ్లి చేస్తే సర్దుకుంటది" అన్నవాళ్లకు జవాబు కూడా అనవసరం. "ఒళ్లొచ్చింది, బాగుంది" అనే మెప్పు కూడా ఇంట్లో వినిపించకూడదు. ఆ మాటకే రాత్రి అన్నం ఆగిపోగలదు.

ఆఖరిది, బరువు పెరిగాక వచ్చేది: "ఫీజు కట్టేశాం, హాస్టల్లో దింపేయండి." అప్పగింత మెల్లగా జరగాలి. ముందు సాయంత్రం చిరుతిండి తనంతట తాను తినాలి, తర్వాత ఒక పూట భోజనం, ఆ తర్వాత కాలేజీకి క్యారేజీ. అది ఖాళీగా తిరిగొస్తే సరిపోదు, తనే తిన్నదో లేదో తెలియాలి. బరువు నిలబడేదాకా ఇంటి నుంచే వెళ్లొచ్చే కాలేజీ చూసుకోండి. మధ్యలో దారి తోచకపోతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.