అంకె ఉంది సరే, పేర్లేవి?

మా రోజుల్లో మా ఊళ్లో అమరవీరుల స్తూపం లేదు. చావిడి గోడలో బిగించిన తెల్ల పాలరాతి పలక ఒకటి ఉండేది. దాని మీద ఇంగ్లీషులో రెండే ముక్కలు: ఈ ఊరి నుంచి ఇంతమంది 1914-19 మహాయుద్ధానికి వెళ్లారు, వాళ్లలో ఇంతమంది ప్రాణాలు విడిచారు. పేర్లు లేవు. పంజాబు మొదలుకొని మన మద్రాసు రాజధాని దాకా ఇలాంటి పలకలు చాలా ఊళ్లకి వేయించాడు తెల్లదొర. అన్నిటి మీదా దాదాపు అదే వాక్యం, అంకెలు మాత్రం మారతాయి.

ఇప్పుడు స్తూపం వచ్చింది. నల్ల గ్రానైటు, స్టీలు రెయిలింగు, రాత్రయితే రంగులు మారే లైట్లు. ఎదురుగా నిలబడితే ముందు కనిపించేది ప్రారంభించిన వారి పేరు, తర్వాత అధ్యక్షత వహించిన వారు, ఆ తర్వాత ముఖ్య అతిథులు, దాతలు. సిపాయిల పేర్లు అడుగున, నేలకి జానెడు ఎత్తులో, పెసరగింజంత అక్షరాల్లో ఉన్నాయి. నాలాంటివాడు చదవాలంటే గొంతుక్కూర్చోవాలి. కూర్చుని చదివాను. ఒకాయన ఇంటిపేరు తప్పు. ఇంకొకాయన నాయక్‌గా ఉండి పోయాడు, ఆయన్ని సిపాయి అని చెక్కారు. మొదటి యుద్ధం వాళ్ల ఊసే లేదు. చావిడి పడగొట్టినప్పుడు పాత పలకని ఊడదీసి పంచాయతీ ఆఫీసు వెనక గోడకి బోర్లా ఆనించారు. ఇదేం పనయ్యా అని అడిగితే, "అది తెల్లోళ్లదండీ, మనకెందుకండీ" అన్నాడు ఒక కుర్రాడు. తెల్లోళ్లది ఎలా అవుతుంది నాయనా? చెక్కించింది వాళ్లు. చచ్చిపోయింది మనవాళ్లు.

నా చిన్నతనంలో ఆ యుద్ధానికి వెళ్లి తిరిగొచ్చిన ముసలాళ్లు చావిడి అరుగు మీదే కూర్చునేవాళ్లు. పలక మీద పేర్లు లేవన్న కొరత మాకు తెలియనే లేదు. అంకె పలక మీదుంటే పేర్లు వాళ్ల నోట్లో ఉండేవి. ఫలానావాడు, వాళ్ల నాన్న ఫలానా, కాలవకి అవతల నాలుగో ఇల్లు, పెళ్లయిన ఏడాదికే వెళ్లాడు, బస్రాలో జ్వరంతో పోయాడు. మెసపొటేమియా అనే మాట వాళ్లకి నోరు తిరగదు, అందరికీ అది బస్రాయే. తుపాకీ దెబ్బ కన్నా కలరా, విరేచనాలు, ఎండదెబ్బ ఎక్కువమందిని తీసుకుపోయాయని చెప్పేవాళ్లు. పిల్లలం ఆ పేర్లు ఎక్కాల్లాగే అప్పజెప్పేవాళ్లం. ఇప్పుడు మా వీధిలో ఏ పిల్లాడినైనా పిలిచి ఒక్క పేరు చెప్పమనండి.

మాది తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఊరు. ఈ ప్రాంతంలో సైన్యం మాటెత్తితే ముందుగా చెప్పుకోవాల్సింది మాధవరం, అందరూ పిలిచే పేరు మిలటరీ మాధవరం. మొదటి ప్రపంచ యుద్ధానికి ఆ ఒక్క ఊరి నుంచే 90 మంది వెళ్లారు. రెండో యుద్ధానికి వెయ్యిమందికి పైనే వెళ్లారు. వెయ్యిమందంటే ఊళ్లో వయసులో ఉన్న మగవాడు మిగిలాడా అని అడగాలి. పిల్లలకి మేజర్, కెప్టెన్, సుబేదార్ అని పేర్లు పెట్టుకున్న ఊరు అది. అక్కడివాళ్లు ఊరి మధ్యన స్మారకం కట్టుకున్నారు, ఇంటింటికీ ఒక సైనికుడి లెక్క చెబుతారు. మా ఊరికి అంత పేరు లేదు. చిన్న ఊళ్ల సంగతి అదే, పంపిన మనుషులు తక్కువైతే మరిచిపోవడమూ తేలిక.

నేను పోస్టుమాన్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. అందుకే ఏ ఇంటి మనిషి ఏ పటాలంలో ఉన్నాడో నాకు తెలుసు. 56 ఏపీవో, 99 ఏపీవో అనే ఆర్మీ పోస్టాఫీసు ముద్రలతో ఉత్తరాలు వచ్చేవి. మనిషి ఎక్కడున్నాడో ఆ ముద్ర చెప్పదు, బతికున్నాడని మాత్రం చెబుతుంది. ఆ ముద్ర చూసి ఇల్లాలి మొహం ఎలా విప్పారేదో నేను చూశాను. నెల మొదట్లో మనియార్డరు వచ్చేది. చదువురాని తల్లులు ఇన్లాండు కవరు తెచ్చి, "రాసిపెట్టండి పోస్టుమాన్ గారూ" అని అరుగు మీద కూర్చునేవాళ్లు. గేదె ఈనిందని రాయి, చెల్లికి సంబంధం వచ్చిందని రాయి, నాకు ఒంట్లో బాగోలేదని మాత్రం రాయొద్దు. అలా నేను రాసిన ఉత్తరాలు కాశ్మీరు దాకా, నేఫా దాకా వెళ్లాయి.

1971 డిసెంబరు, మాసూళ్ల రోజులు. ఆ తల్లుల్లో ఒకావిడ పేరున టెలిగ్రాం నా చేతికొచ్చింది. ఇంగ్లీషులో ఉన్న ఆ రెండు వాక్యాలు ఊళ్లో మొదట చదివింది నేనే. ఆవిడ కళ్లంలో ఉంది. సైకిలు చూడగానే చేతులు చెంగుకి తుడుచుకుంటూ ఎదురొచ్చి, "మనియార్డరాండీ?" అంది. నేను నోరు తెరవలేకపోయాను. నా చేతిలో కాగితం రంగు చూసి ఆవిడే అక్కడ కూలబడిపోయింది. ఏం రాసుందో నేను చదివి వినిపించనూ లేదు, ఆవిడ అడగనూ లేదు.

ఆవిడ కొడుకు శవం రాలేదు. ఆ రోజుల్లో రాదు. 1962లో గానీ 65లో గానీ 71లో గానీ యుద్ధంలో పోయినవాళ్లకి ఆ దగ్గర్లోనే దహనమో ఖననమో జరిపించేవారు. నెలలు గడిచాక ఇంటికి చేరేది నల్లటి ఇనప ట్రంకు పెట్టె. మేం నలుగురం తాడేపల్లిగూడెం స్టేషనుకి బండి కట్టుకెళ్లి దించుకొచ్చాం. తాళం తీస్తే ఉతికి మడతపెట్టిన యూనిఫాం, గడ్డం గీసుకునే సామాను, వెంకటేశ్వరస్వామి పటం, అడుగున పురికొసతో కట్టిన ఇన్లాండు కవర్ల కట్ట. చేతిరాత నాదే. ఆవిడ చెప్పగా నేను రాసిన ఉత్తరాలు, ఒక్కటీ పారేయకుండా దాచుకున్నాడు.

ఆ ఇంటికి ఊరు ఏం చేసిందో కూడా చెప్పాలి. ఆ ఏడు వాళ్ల చేను కోసింది, నూర్చింది, గాదెలో పోసింది ఊరివాళ్లే. కూలి అడిగినవాడు లేడు. పింఛను కాగితాలు కదిలే దాకా బడి మాస్టారు ఏలూరు ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఏటా ఆ తిథికి ఆవిడ ఇంటిముందు నలుగురు పోగయ్యేవారు. మైకు లేదు, దండ లేదు, ఫొటో అసలే లేదు.

ఇప్పుడు భౌతికకాయం ఇంటికొస్తోంది. కార్గిల్ యుద్ధంతో, అంటే 1999తో ఈ పద్ధతి స్థిరపడింది. చాలా మంచి పని. కన్నతల్లి కడసారి చూసుకోవడానికి మించింది ఏముంది? నా కోపం ఆ తర్వాత జరిగేదాని మీద. కూడలి కూడలికీ ఫ్లెక్సీ, అందులో జవాను బొమ్మ కన్నా నాయకుల బొమ్మలు పెద్దవి. పెట్టె పక్కన నిలబడి ఫోనులో తీసుకునేవాళ్లు. పెద్దకర్మ దాటాక ఆ గడప తొక్కేవాడు కనపడడు. ఆ ఇంటి కోడలు మాత్రం కాగితాలు పట్టుకుని ఆఫీసు మెట్లెక్కి దిగుతూ ఉంటుంది.

పేరు పెద్దగా వినపడినవాళ్లనైనా గుర్తుంచుకుంటున్నామా? సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబు గారికి విగ్రహం ఉంది, 2020 జూన్‌లో గల్వాన్‌లో పోరాడి పోయిన మనిషి, మహావీర చక్ర ఇచ్చారు, జనానికి తెలుసు. సంతోషం. మరి సియాచిన్? 2016 ఫిబ్రవరి 3న మంచుకొండ విరిగిపడి 19 మద్రాస్ పటాలం వాళ్లు పదిమంది దాని కింద పడిపోయారు. ఆరు రోజుల తర్వాత ప్రాణంతో బయటికి తీసిన కర్ణాటక హనుమంతప్ప కోసం దేశమంతా మొక్కుకుంది. అదే మంచు కింద అప్పటి మన కర్నూలు జిల్లా పార్నపల్లె కుర్రాడు ముస్తాక్ అహ్మద్ ఉన్నాడు. ఆయన పేరు తడుముకోకుండా చెప్పగలిగిన తెలుగువాళ్లు ఎంతమంది? పదేళ్లయింది అంతే. నూరేళ్ల కిందటి వాళ్ల గతి ఇక చెప్పాలా?

మా మనవడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తాడు. ఆ బస్రా పేర్లు ఎక్కడైనా ఉన్నాయేమో చూడరా అని పోరు పెడితే పోయిన సంక్రాంతికి కూర్చుని వెతికాడు. ఇరాక్‌లో బస్రా స్మారకం అని ఒకటి ఉంది. మెసపొటేమియాలో పోయి, సమాధి ఎక్కడో తెలియని 40,000 మందికి పైగా సైనికుల కోసం కట్టింది. తెల్లవాళ్లలో మామూలు సిపాయికి కూడా గోడ మీద పేరుంది. మనవాళ్లలో అధికారులకే పేర్లు. మామూలు సిపాయిలకి పటాలం పేరు రాసి, దాని కింద ఇంతమంది అని అంకె వేశారు. మా చావిడి గోడ మీదా అంకే, బస్రా గోడ మీదా అంకే. ఇక్కడ పుట్టి అక్కడ పోయినవాడికి ఇక్కడా పేరు లేదు, అక్కడా లేదు. యుద్ధ సమాధులు చూసే కామన్వెల్త్ సంస్థ ఇలా తేడాగా చూసిన మాట నిజమేనని 2021లో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. నూరేళ్లకైనా చెప్పింది, మంచిదే. మనం చెప్పుకోవాల్సిన క్షమాపణ ఇంకా మిగిలే ఉంది.

మొదటి యుద్ధంలో పోయిన భారతీయ సైనికులు 74,000 మంది అని లెక్క, రెండో దానిలో 87,000 మంది. ఢిల్లీలో 2019లో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకం స్వాతంత్ర్యం వచ్చాక పోయినవాళ్లది. అంతకు ముందువాళ్లలో 13,000 మందికి పైగా పేర్లు ఇండియా గేటు మీద ఉన్నాయి. తక్కినవాళ్లని ఎవరు పట్టించుకోవాలి? వాళ్లు పరాయి రాజు కోసం పోరాడారు కదా అని చదువుకున్నవాళ్లు కొందరు నాతో వాదించారు. నిజమే, రాజు పరాయివాడే. జీతం కోసం, ఇంటి అప్పు కోసం, చెల్లి పెళ్లి కోసం వెళ్లారు. ఆ మనియార్డర్లతో కొన్న చేలల్లోనే ఈనాటికీ వరి పండుతోంది. ఆ అన్నం తింటూ వాళ్లు మనవాళ్లు కారనడం నాకు నచ్చదు.

కుర్రాళ్లందరినీ తిట్టడం నా ఉద్దేశం కాదు. తాడేపల్లిగూడెంలో రెండో యుద్ధం నాటి పాత విమానాల రన్‌వే ఉంది. తెల్లారకుండానే అలాంటి చోట్లా కాలవ గట్లమీదా సైన్యంలో చేరాలని పరుగులు తీసే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లని చూస్తే ప్రాణం లేచొస్తుంది. మా రోజుల్లో చేరినవాడు పదిహేనేళ్లు చేసి పింఛనుతో ఇంటికొచ్చేవాడు. 2022 నుంచి అగ్నివీరులకి నాలుగేళ్లే, నూటికి పాతికమందిని మించి ఉంచుకోరు. సత్యసాయి జిల్లా కల్లితండా మురళీ నాయక్ అలా చేరినవాడే, 2025 మేలో సరిహద్దులో ప్రాణమిచ్చాడు. ఇచ్చిన ప్రాణం నాలుగేళ్లదా పదిహేనేళ్లదా అని ఎవరూ కొలవలేరు. ఇంటికి దక్కేది మాత్రం కొలిచే ఇస్తున్నారు. ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

ఇక చేయాల్సింది. ఊరూరా గ్రానైటు పోయించనక్కర్లేదు. పాత పలక ఉన్న ఊళ్లలో దాని పక్కనే తెలుగులో పేర్లు చెక్కించండి. పేర్లకి మొదట ఇంట్లో ముసలివాళ్లని అడగండి, వాళ్లు రేపు ఉండకపోవచ్చు. ట్రంకు పెట్టెల్లో డిశ్చార్జి పుస్తకాలు, పతకాలు, పింఛను కాగితాలు ఉంటాయి. తూకానికి వేయకండి. పతకం అంచు మీద సైనికుడి నంబరు, పేరు, పటాలం చెక్కి ఉంటాయి, భూతద్దం పెట్టి చూడండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ జాబితా ఫోనులోనే చూడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. బస్రా గోడ మీద లేని సిపాయిల పేర్లు కూడా అందులో దొరుకుతాయి. చాలా పేర్ల పక్కన తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఉంటాయి. ఊళ్ల పేర్లు ఇంగ్లీషులో తెల్లవాడి చెవికి వినపడినట్టు రాసి ఉంటాయి కాబట్టి రెండు మూడు రకాలుగా కొట్టి చూడాలి. మా పశ్చిమ గోదావరి వాళ్లకి ఇంకో మాట. ఈ జిల్లా పుట్టిందే 1925లో. మొదటి యుద్ధం నాటికి మన ఊళ్లు కృష్ణా జిల్లాలో ఉండేవి, కాబట్టి పశ్చిమ గోదావరి అని వెతికి దొరకలేదని వదిలేయకండి, కృష్ణా అని వెతకండి.