బాణం పైకి, మొక్క కిందికి

డబ్బా మీద బాణం గుర్తు ఉంటుంది, ‘ఈ వైపు పైకి’ అని. పక్కన గాజు గ్లాసు బొమ్మ. ఇంకో పక్క ఆకుపచ్చ అక్షరాల్లో ‘నేను ప్రాణమున్న మొక్కను, నెమ్మదిగా పట్టుకోండి’ అని ముద్దుముద్దు పలుకులు. చదివితే కళ్లు చెమరుస్తాయి. ఎవరి కళ్లు? సరుకు దించే కుర్రాడివి కావు. అతనికి పూటకు వందల డబ్బాలు. ప్రతి డబ్బా మీదా ఓ బాణం, ఓ గ్లాసు. డబ్బా బెల్టు మీద దొర్లుతుంది, వ్యాను మూలకు ఎగురుతుంది. దాని నెత్తిన మిక్సీ, మిక్సీ నెత్తిన కుక్కర్. ఆకాశం చూడాల్సిన బాణం నేలచూపులు చూస్తుంది. మట్టంతా ఆకుల్లోకి, ఆకులన్నీ మట్టిలోకి.

ఆ కుర్రాణ్ని తిట్టి లాభం లేదు. గంటకు ఇన్ని డబ్బాలని అతని నెత్తిన లెక్క పెట్టినవాడు ఏసీ గదిలో ఉన్నాడు. పది నిమిషాల్లో సరుకు గుమ్మంలో ఉండాలని శాసించినవాడు అంతకంటే పై అంతస్తులో ఉన్నాడు. బాణం గుర్తు వేయించింది కూడా ఆ సార్లే. బాణం చూసే తీరిక కుర్రాడికి ఉండదని వాళ్లకు తెలియదా? భేషుగ్గా తెలుసు.

సరే, డబ్బా ఇంటికొచ్చింది. తెరవండి. ముందు టేపు. తర్వాత బుడగల కవరు. ఆ లోపల ఇంకో బుడగల కవరు. తర్వాత థర్మకోల్ ముక్కలు. ఆపైన ‘భూమాతను కాపాడుతున్నందుకు ధన్యవాదాలు’ అని ఓ నిగనిగలాడే కార్డు, దానికీ ప్లాస్టిక్ పూతే. అన్నిటికీ అడుగున, మీ నక్షత్రం బాగుంటే, ఓ మొక్క. జానెడు మొక్క. దాని చుట్టూ బారెడు ప్లాస్టిక్. ఆ మొక్క జీవితకాలమంతా వదిలే ఆక్సిజన్ దాని ప్యాకింగ్ పాపానికి సరిపోతుందా? ఆ లెక్క ఏ కార్డు మీదా అచ్చు వేయరు.

ఇంత చుట్టాక మొక్క రాజాలా రావాలి కదా? రాదు. కాండం మెడ విరుచుకుని ఉంటుంది. కుండీ ఓ మూల, వేళ్లు ఓ మూల. మీరు ఫిర్యాదు చేస్తారు. అప్పుడు షరతులు బయటపడతాయి. 24 గంటల్లోగా చెప్పాలి. డబ్బా తెరుస్తున్నప్పుడు తీసిన వీడియో పంపాలి. వీడియోలో ఎక్కడా కోత ఉండకూడదు. డబ్బా నాలుగు వైపులా కనిపించాలి. అంటే ఏంటంట? తులసి మొక్క కొన్న పాపానికి గృహిణి ఒక చేత్తో కత్తెర, ఇంకో చేత్తో కెమెరా పట్టుకుని శవ పంచనామా జరిపించాలి. పంపిందా, జవాబు తయారుగా ఉంటుంది. “ప్రయాణ బడలిక మేడమ్. వారంలో కోలుకుంటుంది.”

ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. చీకట్లో, గాలి ఆడని చోట రెండు మూడు రోజులు ఉన్న మొక్క బెంగపడుతుంది. ఆకు పసుపెక్కుతుంది, రాలుతుంది. నీడలో ఉంచి నాలుగు రోజులు ఓపిక పడితే చాలా మొక్కలు తేరుకుంటాయి కూడా. కానీ రెండు ముక్కలైన కాండానికి బడలికేంటి సారూ? తల తెగినవాడికి తలనొప్పి మాత్ర ఇస్తారా?

పోనీ, చిన్న కుండీ మొక్కను క్షేమంగా ఊరు దాటించడం అంత బ్రహ్మవిద్యా? తూర్పు గోదావరి జిల్లా కడియం వెళ్లండి. పదహారో నంబరు జాతీయ రహదారి మీద వెళ్తుంటే కడియపులంక, వేమగిరి, బుర్రిలంక, వీరవరం... ఎటు చూసినా నర్సరీలే. అక్కడి నుంచి రాష్ట్రాలు దాటి మొక్కలు పోతుంటాయి. కూలికొచ్చే అమ్మలను అడగండి. ఎంబీయేలు చదవకపోయినా చెబుతారు. ముందురోజే నీళ్లు పెట్టాలి, బండెక్కించే ముందు కాదు. మట్టి చెమ్మగా ఉండాలి, బురదగా ఉంటే దారిలోనే వేరు కుళ్లు మొదలవుతుంది. కుండీ మూతిని కాగితంతో కప్పి కట్టాలి, బోర్లాపడ్డా మట్టి రాలకూడదు. కాండానికి పుల్ల ఊతం. కుండీ కదలకుండా డబ్బా అడుగున అట్టతో బిగింపు. పక్కల గాలికి బొక్కలు. అయిపోయింది. ఇందులో బుడగల కవరు ఎక్కడైనా వినిపించిందా?

అన్నిటికంటే చవకైనది ఆ బొక్క. పైసా ఖర్చు లేదు. మొక్కలు కూడా ఇథిలీన్ వాయువు వదులుతాయి. కాయల్ని మగ్గబెట్టే గదుల్లో వాడేది అదే వాయువు. మూసేసిన డబ్బాలో అది పోగుపడితే ఆకు పండుబారుతుంది, మొగ్గ రాలుతుంది. రోహిణీ కార్తెలో వ్యాను లోపల కుంపటి రాజుకున్నప్పుడు ఊపిరాడని మొక్క గతి వేరే చెప్పాలా? అయినా చాలా డబ్బాలకు బొక్కలుండవు. ఎందుకుండవు? బొక్క పడితే కంపెనీ పేరులో ఓ అక్షరం ఎగిరిపోతుందనా? మొక్క పోయినా ఫర్వాలేదు, అక్షరం పోకూడదు!

ఇప్పుడో పాత కథ. 1829లో లండన్‌లో నథానియల్ వార్డ్ అనే వైద్యుడు మూత పెట్టిన గాజు సీసాలో ఒక చిమ్మట ప్యూపా కోసం కాస్త తడిమట్టి వేసి ఉంచాడు. ఆ మట్టిలో ఫెర్న్ మొలిచింది. నీళ్లు పోయకుండానే బతికింది. లోపలి తేమే ఆవిరై, మళ్లీ చుక్కలై మట్టికి దిగుతోందని ఆయన గమనించాడు. కర్ర చట్రానికి గాజు పలకలు బిగించి పెట్టె చేయించాడు. 1833లో అందులో మొక్కలు పెట్టి ఓడలో సిడ్నీకి పంపాడు. నెలల తరబడి సముద్రం, ఉప్పుగాలి, భూమధ్యరేఖ ఎండ. మొక్కలు బతికి దిగాయి. ఆ పెట్టెల్లోనే రాబర్ట్ ఫార్చూన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు చైనా నుంచి తేయాకు మొక్కల్ని హిమాలయ తోటలకు చేరవేశాడు. 1876లో బ్రెజిల్ గింజలతో లండన్ క్యూ తోటలో మొలిపించిన రబ్బరు మొక్కలు సింహళానికి వచ్చిందీ వార్డ్ పెట్టెల్లోనే. తెల్లదొరలు ఇంకొకడి సొత్తు ఎత్తుకొచ్చారు, నిజమే. కానీ దొంగసొత్తును కూడా ఎంత పదిలంగా మోశారో చూడండి. మనం డబ్బులిచ్చి కొన్న గులాబీ కడియం నుంచి కూకట్‌పల్లికి నిటారుగా రాలేకపోతోంది. మధ్యలో ఏ మహాసముద్రం అడ్డొచ్చిందో!

వార్డ్ దాకా ఎందుకు? మామిడి అంటు బుట్టలో కూర్చుని బస్సెక్కిన రోజులు మన పెద్దవాళ్లకు గుర్తున్నాయి. వేళ్ల చుట్టూ మట్టిగడ్డ, మట్టిగడ్డ చుట్టూ వరిగడ్డి, పైన పురికొస. గుంత తీసి దించితే అన్నీ మట్టిలో కలిసిపోయేవి. చెత్తబుట్ట అవసరమే లేదు. ఇవాళ కడియం దాటి, గోదావరి వంతెన ఎక్కి రావులపాలెంలో దిగితే కోనసీమ. కొబ్బరి డొక్కల గుట్టలు. ఆ పీచుతో కుండీలు చేయొచ్చు, చేస్తున్నారు కూడా. వేరు దాన్ని చీల్చుకుని నేలలోకి పోతుంది. అయినా వంతెనకు ఇవతల మొక్క నల్ల ప్లాస్టిక్ కవరు తొడుక్కునే బయల్దేరుతుంది. నర్సరీ రైతు తప్పా? ఆయన్ని మాత్రం ఏమనగలం? కవరు చవక, పీచు కుండీ ప్రియం. మొక్క దగ్గర ఐదు రూపాయలకు అరగంట బేరమాడి, అదే మొక్కను మాల్‌లో అంటించిన ధరకు నోరెత్తకుండా కొనుక్కొచ్చేది మనమే కదా!

ప్రభుత్వం ఊరుకుందా? ఊరుకోలేదు. నిషేధం పెట్టింది. 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్ని బంద్. జాబితా చదివితే భలే ముచ్చటేస్తుంది. చెవిలో తిప్పుకునే దూది పుల్లలు ఉన్నాయి. బెలూన్ పుల్లలు ఉన్నాయి. ఐస్‌క్రీమ్ పుల్లలు ఉన్నాయి. స్వీటు డబ్బాకు చుట్టే పొర నిషేధం. శుభలేఖకు చుట్టే పొర నిషేధం. సిగరెట్ పెట్టెకు చుట్టే పొర నిషేధం. మొక్కకు చుట్టే పొర? ఆ ఊసే లేదు. మరి థర్మకోల్? అలంకరణకు వాడితే నేరం. డబ్బాలో కుక్కితే వ్యాపారం. వినాయకుడి మంటపానికి పనికిరానిది పార్సిల్‌కు పవిత్రమైపోయింది. పుల్ల దగ్గర పులులు, పార్సిల్ దగ్గర పిల్లులు!

ఆ ఏడాది ఫిబ్రవరిలోనే ఇంకో ఘనకార్యం జరిగింది. ప్లాస్టిక్ ప్యాకింగ్‌ను మార్కెట్లోకి వదిలిన కంపెనీలే దాన్ని తిరిగి సేకరించి శుద్ధి చేయించే బాధ్యత మోయాలని కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. మంచి మాటే. మరి మీ గుమ్మం ముందుకొచ్చి “అమ్మా, మొన్న పంపిన బుడగల కవరు ఇస్తారా?” అని అడిగినవాణ్ని ఎవరినైనా చూశారా? ఈ బాధ్యత సర్టిఫికెట్ల రూపమెత్తి పోర్టల్లో చేతులు మారుతుంది. కవరు మాత్రం మీ వీధి చివర ఆవు కడుపులోకి చేతులు... కాదు, నోళ్లు మారుతుంది.

ఇక అసలు పార్సిల్ కంపెనీ ఒకటుంది. అన్నిటికంటే పెద్దది. దాని పేరు సర్కారు. దాని డెలివరీ సీజన్ తొలకరి.

1950లో అప్పటి కేంద్ర మంత్రి కె.ఎం.మున్షీ వనమహోత్సవం మొదలుపెట్టినప్పటి నుంచి నాటుతూనే ఉన్నాం. తెలంగాణలో 2015 జూలైలో చిలుకూరు దగ్గర హరితహారం మొదలైంది. లక్ష్యం 230 కోట్ల మొక్కలు. ఆంధ్రప్రదేశ్‌లో ఒకరు ‘వనం-మనం’ అన్నారు, తర్వాతివారు ‘జగనన్న పచ్చతోరణం’ అన్నారు. 2024 జూన్‌లో ఢిల్లీ నుంచి ‘ఏక్ పేడ్ మా కే నామ్’ దిగింది. జెండాలు మారాయి, పేర్లు మారాయి. ట్రాక్టర్ ట్రాలీ మాత్రం మారలేదు. అందులో మొక్కల్ని ఇటుకల్లా పేరుస్తారు. కింది వరస మీద మధ్య వరస, దాని మీద పై వరస. పైన కప్పు లేదు, పక్కన తడి గోనె లేదు. దించేటప్పుడు కవరు పట్టుకోరు, జుట్టు పట్టుకుని లాగినట్టు కాండం పట్టుకుని లాగుతారు. కవరు అక్కడ, వేళ్లు ఇక్కడ. లెక్కలో మాత్రం ‘పంపిణీ పూర్తి’!

న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. తెలంగాణలో పంచాయతీకో నర్సరీ పెట్టారు. మొక్కకు దూరప్రయాణం తప్పింది. ఏ ప్యాకింగూ అంత మేలు చేయదు. 2018 పంచాయతీరాజ్ చట్టం నాటినవాటిలో 85 శాతం బతికించాలని కూడా చెప్పింది. బతక్కపోతే సర్పంచి మెడకు, కార్యదర్శి మెడకు ఉరి. మంచిదే. కానీ ట్రాలీలో సగం చచ్చి దిగిన మొక్కకు సర్పంచి ఏ సంజీవని పోయాలి? నర్సరీ గేటు దాటాక, గుంతలోకి దిగేలోగా మొక్క ఎవరి పూచీ? నర్సరీవాడు ‘ఇచ్చేశాను’ అంటాడు. ట్రాక్టరువాడు ‘దించేశాను’ అంటాడు. అధికారి ‘సంతకం పెట్టేశాను’ అంటాడు. దారిలో పోయిన ప్రాణానికి ఏ రిజిస్టరులోనూ గడి లేదు.

ఆ తర్వాత పండగ. అమాత్యులు విచ్చేస్తారు. గుంత ముందే తవ్వి ఉంటుంది. చేతికి మట్టి అంటకుండా వెండి రంగు పార. ఇరవై మంది కలిసి ఒక్క మొక్కను పట్టుకుంటారు, అది ఎక్కడికో పారిపోతున్నట్టు. ఫొటో. చప్పట్లు. కారు. కొన్నిచోట్ల ఆ తొందరలో ప్లాస్టిక్ కవరు కూడా చింపరు. కవరుతో సహా పాతిపెడతారు. వేళ్లు బయటికి దారి లేక లోపలే చుట్టలు చుట్టుకుంటాయి. మొక్క పోతుంది. కవరు ఉంటుంది. నాటింది ఏమిటంటారు మరి? మొక్కనా, కవరునా?

సభల్లో ఇప్పుడు కొత్త ఫ్యాషన్. ‘బొకేలు వద్దు, మొక్కలు ఇవ్వండి’ అని పెద్దల పిలుపు. అబ్బో, ఎంత పర్యావరణ ప్రేమ! ప్లాస్టిక్ కుండీలో మొక్క, చుట్టూ తళతళలాడే ప్లాస్టిక్ కాగితం, పైన నైలాన్ రిబ్బను. ఇచ్చినవాడు నవ్వుతాడు, పుచ్చుకున్నవాడు నవ్వుతాడు, పక్కనున్న గన్‌మ్యాన్ చేతికి మొక్క మారుతుంది. సాయంత్రానికి అతిథిగృహం వెనక గోడ వారన ఇరవై మొక్కలు, రిబ్బన్లు కూడా విప్పలేదు. నీళ్లెవరు పోస్తారు? మర్నాడు ఇంకో ఊళ్లో ఇంకో ‘మొక్కలు ఇవ్వండి’ సభ ఉందాయె!

చేయాల్సింది కొండలు పిండి కొట్టడం కాదు. ఆన్‌లైన్ వ్యాపారికి ఒక్క నిబంధన పెట్టండి: మొక్క డబ్బాకు గాలి బొక్కలు, లోపల అట్టబిగింపు, ప్లాస్టిక్ చుట్టలు బంద్. సర్కారు మొక్కల బిల్లును నర్సరీ గేటు దగ్గర కాదు, గుంత దగ్గర లెక్క చూసి చెల్లించండి. అప్పుడు ట్రాలీ మీదికి గోనెపట్టా దానంతటదే వస్తుంది. డ్రైవరు గతుకుల దగ్గర బ్రేకు కూడా వేస్తాడు.

ఏలినవారు ఇవేవీ ఎలాగూ చేయరు కాబట్టి, పని మీదే. ఈసారి డబ్బా వస్తే లోపలి ప్లాస్టిక్ మొత్తం మడిచి, కంపెనీ చిరునామాకే తిరిగి పంపండి. పైన బాణం గుర్తు వేయడం మరిచిపోకండి. ఈ తొలకరికి మీ ఊరికి మొక్కల ట్రాక్టర్ వస్తే ఫొటోకు నిలబడకండి. ట్రాలీ ఎక్కి చూడండి. ఎన్ని నిలబడి వచ్చాయో, ఎన్ని విరిగి వచ్చాయో రాసుకోండి. సాయంత్రం నాటిన మొక్కల లెక్కనూ, చింపి తీసిన కవర్ల లెక్కనూ పక్కపక్కన పెట్టి, తేడా ఎంతో గ్రామసభలో నిలబడి అడగండి.