వెబ్‌సైటు ఏలినవారికి ఒక 360 పిక్సెళ్ల పౌరుడి విన్నపం

మహారాజశ్రీ శాఖాధిపతి గారికి,

అయ్యా, తమ వెబ్‌సైటు అడుగున చిన్న అక్షరాల్లో ఒక శాసనం చెక్కి ఉంది. ఈ సైటును 1024 బై 768 రిజల్యూషన్‌లో, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో చూడాలట. ఆ ఎక్స్‌ప్లోరర్‌కు మైక్రోసాఫ్ట్ 2022 జూన్‌లోనే మంగళం పాడేసింది. తమ దాకా కబురు అందినట్టు లేదు. ఇక ఆ కొలత మానిటరు కావాలంటే పాత సామాన్ల కొట్లో వెతుక్కోవాలి. కాబట్టి రేషన్ కార్డుకు ఒకటి చొప్పున ఉచితంగా పంచే పథకం ప్రకటించమని మనవి. పేరు తమరే పెట్టుకోండి, ఆ పనిలో తమకు సాటి లేదు.

ఈ మొర తమ ఫిర్యాదుల పేజీలోనే పెట్టుకోవలసింది. కానీ అక్కడి 'సమర్పించు' బటన్ నా ఫోన్ కుడి అంచు దాటి పక్కవాళ్ల హద్దులో పడింది. అందుకే నలుగురిలో పెట్టాను.

నా ఫోన్ వెడల్పు, సైట్లు కట్టేవాళ్ల లెక్కలో, 360 పిక్సెళ్లు. తమ సైటు తెరవగానే పాపం అది తాను 980 పిక్సెళ్ల తెరనన్నట్టు నటించి, పేజీ మొత్తాన్ని కుదించి చూపిస్తుంది. కంప్యూటర్ల కోసం కట్టిన సైట్లు తన బుల్లి తెరలో పట్టాలని 2007లో ఐఫోన్ మొదలుపెట్టిన సర్దుబాటు అది. 'నటించకు, నీ వెడల్పు ఎంతో అంతే' అని చెప్పడానికి పేజీ తలభాగంలో వ్యూపోర్ట్ అనే ఒక్క లైను రాయాలి. తమవాళ్లు రాయలేదు. రాసినా పూర్తిగా తీరేది కాదనుకోండి, లోపల పట్టిక వెడల్పు 1000 పిక్సెళ్లని బిగించేశారు గనుక.

దాంతో అక్షరాలు కంటికి ఆనవు. వేళ్లతో సాగదీస్తే దరఖాస్తులో జిల్లా గడి కనబడుతుంది, మండలం గడి తెర బయటికి పోతుంది. మండలాన్ని పట్టుకొచ్చేలోగా ఎర్ర రంగు స్క్రోలింగ్ వార్త అడ్డం వస్తుంది. కాప్చా బొమ్మ ఒక మూల, దాన్ని కొట్టాల్సిన గడి ఇంకో మూల. ఈ రెంటి మధ్యా తిరిగేసరికి 'మీ సెషన్ ముగిసింది'.

ఇది వెబ్‌కు పుట్టుకతో వచ్చిన జబ్బేమీ కాదు. 1991లో సెర్న్ పరిశోధన కేంద్రం నుంచి టిమ్ బెర్నర్స్ లీ లోకానికి అందించిన నాటి పేజీల్లో, కిటికీని ఎంత కుదిస్తే వాక్యాలు అంత దగ్గర విరిగి కింది లైనుకు దిగేవి. ఆ పేజీలు రాసిన ఉత్త హెచ్‌టీఎమ్ఎల్ చీరలాంటిది. పొడుగువాళ్లకైనా పొట్టివాళ్లకైనా కుచ్చిళ్లలో సర్దుకుంటుంది. దాన్ని కత్తిరించి, 1024 కొలతకు కుట్టించి, కుట్టుకూలి ఖజానా నుంచి ఇచ్చింది తమరు. 2010 మేలో ఈథన్ మార్కాట్ అనే డిజైనరు దీనికి విరుగుడు చెప్పి 'రెస్పాన్సివ్ వెబ్ డిజైన్' అని పేరు కూడా పెట్టాడు. వెడల్పులు శాతాల్లో ఇవ్వండి, బొమ్మలు వాటి గడి దాటకుండా చూడండి, తెర చిన్నదైతే పక్కపక్కన ఉన్నవి ఒకదాని కింద ఒకటి చేరాలని మీడియా క్వెరీ అనే షరతుతో చెప్పండి, అంతే. 2012కల్లా మీడియా క్వెరీలు అధికారిక ప్రమాణమయ్యాయి. తమ టెండరు ఆ తర్వాతిదే.

ఫోన్ గొడవ తీరినా తెలుగు గొడవ మిగులుతుంది. 'హోమ్' అనే ఇంగ్లీషు ముక్క కోసం కొలిచిన బటన్‌లో 'ధ్రువీకరణ పత్రాలు' ఎలా పడతాయి? సగానికి తెగి 'ధ్రువీకర' దగ్గర ఆగాయి. లైన్ల మధ్య ఎడం కూడా ఇంగ్లీషు లెక్కే కావడంతో కింద వేలాడే ఒత్తులకు చోటు లేదు. అర్హుల జాబితాలో లక్ష్మి గారు మ ఒత్తు పోగొట్టుకుని 'లక్షి'గా నిలబడ్డారు. ఆధార్‌తో పేరు కలవలేదని రేపు ఆవిడనే తిప్పుతారు. ఇక ఉత్తర్వులంటారా, కాగితాన్ని వంకరగా స్కాన్ చేసి బొమ్మగా పెట్టారు; బొమ్మలోని వాక్యం ఏ తెరకూ సర్దుకోదు.

ఇవేవీ నా గొంతెమ్మ కోర్కెలు కావు. ప్రభుత్వ వెబ్‌సైట్లకు కేంద్రం 2009లోనే మార్గదర్శకాలు రాసింది. 2023లో వచ్చిన మూడో కూర్పు అంతర్జాతీయ సౌలభ్య ప్రమాణాలు పాటించమంటోంది. వాటి ప్రకారం 320 పిక్సెళ్ల వెడల్పులో కూడా పక్కకు జరపకుండా చదవగలగాలి. నా ఫోన్‌కు ఇంకా 40 మిగులే! అంకెల పట్టికలకూ మ్యాపులకూ మినహాయింపు ఉంది గానీ, దరఖాస్తుకు లేదు. బహుశా అందుకే తమ కాంట్రాక్టరు దరఖాస్తునే పట్టికలో ఇరికించి ఉంటాడు. గట్టివాడు.

'యాప్ ఉందిగా' అంటారేమో. ఉంది. తెరిస్తే అందులోనూ ఈ సైటే కనబడుతోంది.

తమ తప్పు లేదని నాకు తెలుసు. సమీక్షా సమావేశంలో గోడంత ప్రొజెక్టరు మీద చూపిస్తే ఏ సైటైనా ముచ్చటగానే ఉంటుంది. కనుక ఈసారి ప్రొజెక్టరు కట్టేయించి, అటెండరు ఫోన్ అడిగి తీసుకుని, అందరి ముందూ తమ చేత్తో ఒక్క ఆదాయ ధ్రువీకరణ దరఖాస్తు నింపండి. మధ్యాహ్నం భోజనాలు కూడా అక్కడికే చెప్పి ఉంచడం మంచిది.

ఇట్లు,
తమ విధేయుడు