యు-9కి, కోడూరు తీరం నుంచి

యు-9 జలాంతర్గామికి,

నువ్వు మా సముద్రంలోకి ఎన్నడూ రాలేదు. టీపీ గూడూరు మండలంలో కోడూరు అనే తీరం ఒకటుందని నీలో ఎక్కినవాళ్లెవరూ విని ఉండరు. అయినా నీమీద నాకో ఫిర్యాదుంది. నిన్ను కట్టిన చోటే తయారైన ఓడ మా దాకా వచ్చింది కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

1914 సెప్టెంబరు 22 రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో జర్మన్ క్రూయిజర్ ఎండెన్ మద్రాసు రేవు ముందు ఆగి గుళ్ల వర్షం కురిపించింది. బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు అంటుకున్నాయి. రేవులో ఉన్న వర్తక నౌకలో మనుషులు చనిపోయారు. వేలమంది మూటాముల్లె సర్దుకుని పట్నం వదిలిపోయారు. అప్పుడు మా నెల్లూరు జిల్లా మద్రాసు రాజధానిలోదే. బకింగ్‌హాం కాలవ మీద మా వైపు నుంచి సరుగుడు కట్టె వేసుకుని పడవలు పోయేది ఆ పట్నానికే. ఎండెన్ కొట్టిన దెబ్బకు గుర్తుగా మద్రాసు హైకోర్టు దగ్గర ఫలకం ఉంది. నిన్ను మాత్రం ఇక్కడ తలుచుకునేవాళ్లు లేరు. అదే రోజు పొద్దున నువ్వు చేసిన పని ముందు ఎండెన్ చేసింది ఎంతో చిన్నది.

మీ రెండింటినీ డాంజిగ్‌లోని కైజరు నౌకా కర్మాగారంలోనే కట్టారు. ఎండెన్ 1908లో నీళ్లలోకి దిగింది, నువ్వు 1910 ఫిబ్రవరి 22న. పొడవు 57 మీటర్లు, బరువు 493 టన్నులు. జర్మన్ జలాంతర్గాములకు డీజిల్ ఇంజన్లు రాకముందు తరం నీది. నీ కోర్టింగ్ ఇంజన్లు కిరోసిన్‌తో నడిచేవి. పగలు తెల్లటి పొగ, రాత్రి నిప్పురవ్వలు. ఆ పొగ పోవడానికి డెక్కు మీద గొట్టం నిలబెట్టాలి, మునగాలంటే ముందు దాన్ని దించాలి.

నీ లోపల బతికినవాళ్ల మీద నాకు కోపం లేదు. ఇనప గోడలకు పట్టిన చెమ్మ నిద్రపోయేవాళ్ల మొహాల మీద చుక్కలు చుక్కలుగా రాలుతుండేదట. కరెంటు పొయ్యి పనిచేయక పైకెక్కి డెక్కు మీద వండుకునేవాళ్లు. జొహానెస్ ష్పీస్ అనే అధికారికి ఇచ్చిన పడక వెల్లకిలా పడుకోవడానికి కూడా చాలేది కాదు. విశాఖ బీచిరోడ్డులో కుర్సురా జలాంతర్గామి లోపల తిరిగి చూసినవాళ్లకు ఆ ఇరుకు కొంత తెలుస్తుంది. నీకంటే అది చాలా పెద్దది, దాదాపు అరవై ఏళ్ల తర్వాతది కూడా.

ఇక ఆ పొద్దుటి సంగతి. హాలండ్ తీరానికి ఆవల అబూకిర్, హోగ్, క్రెసీ అనే మూడు పాత బ్రిటిష్ క్రూయిజర్లు కాపలా తిరుగుతున్నాయి. ఒక్కొక్కటీ 12 వేల టన్నులు. వాతావరణం బాగోక, వాటికి తోడుండాల్సిన డిస్ట్రాయర్లు లేవు. ఆరు దాటి ఇరవై నిమిషాలకు నీ కెప్టెన్ ఒట్టో వెడ్డిగెన్ ఒక్క టార్పెడోతో అబూకిర్‌ను కొట్టాడు. మైను తగిలిందనుకున్న అబూకిర్ కెప్టెన్ మిగతా రెండు ఓడల్నీ దగ్గరికి రమ్మన్నాడు. హోగ్ వచ్చి ఆగింది. నీళ్లలో ఉన్నవాళ్లను పైకి తీసుకోసాగింది. దాని మీదికి నువ్వు రెండు టార్పెడోలు వదిలావు. బరువు తగ్గి నీ ముందుభాగం నీళ్ల పైకి లేచింది. మునుగుతున్న హోగ్ ఆ స్థితిలోనే నీమీద కాల్చింది. లోపల నీ మనుషులు నిన్ను నిలబెట్టడానికి ఈ కొస నుంచి ఆ కొసకు పరుగులు పెట్టారు. మునిగి ఉండగానే గొట్టాల్లోకి కొత్త టార్పెడోలు ఎక్కించారు. అంతకు రెండు నెలల ముందే అభ్యాసం చేసి నేర్చిన విద్య అది. తర్వాత క్రెసీ. అదీ జనాన్ని తీస్తూనే ఉంది. నీ దగ్గరున్న ఆరు టార్పెడోలూ అయిపోయాయి. గంటన్నరలో 1,459 మంది చచ్చిపోయారు, 837 మంది మిగిలారు.

ఆ మిగిలినవాళ్లలో కిట్ వైకమ్-మస్‌గ్రేవ్ ఒకడు. పదిహేనేళ్ల పిల్లాడు, నౌకాదళ కళాశాల నుంచి నేరుగా అబూకిర్ మీదికి పంపారు. ఓడ ఒరిగిపోతుంటే దూకి, ఈదుకుంటూ హోగ్ దగ్గరికి చేరాడు. ఎక్కబోతుండగా హోగ్‌కు దెబ్బ తగిలింది. మళ్లీ ఈది క్రెసీ ఎక్కాడు. అదీ పోయింది. ఓ చెక్కముక్క పట్టుకుని తేలుతుంటే చివరికి డచ్చివాళ్లు తీసుకున్నారు. వాడి గురించి మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసేశాను. వాడు రెండోసారి ఈదింది పగవాడి నుంచి పారిపోతూ కాదు, చెయ్యందించే ఓడ వైపు. దాన్నే నువ్వు కొట్టావు.

యుద్ధనౌక యుద్ధనౌకను కొట్టడం తప్పని నేను అనను. మొదటి దెబ్బ గురించి నాకు మాటే లేదు. నా ఫిర్యాదంతా రెండోదాని మీదా మూడోదాని మీదా. ఆ పొద్దుట నుంచి సముద్రంలో మునిగేవాడి కోసం ఆగడం ప్రమాదమైపోయింది. జలాంతర్గాములు తిరిగే చోట పెద్ద ఓడలు నీళ్లలో పడ్డవాళ్ల కోసం ఆగకూడదని బ్రిటిష్ అడ్మిరాల్టీ ఆదేశించింది. తమవాళ్లు కళ్లముందే మునుగుతున్నా వదిలి సాగిపొమ్మని!

మా దగ్గర ఇది ఊహకందని మాట. వేటకు పోయిన బోటు బోల్తా పడిందని తెలిస్తే దగ్గరున్నవాళ్లు వల నీళ్లలోనే వదిలి పోతారు. వల పోతే ఏడాది సంపాదన పోయినట్టే, అయినా పోతారు. తమిళనాడు వైపు నుంచి వచ్చే సోనాబోట్లనే మరబోట్లతో మావాళ్లకు తీరని తగువు. చేపనంతా ఊడ్చుకుపోతున్నాయనీ, వలలు తెంపుతున్నాయనీ ఎన్నిసార్లు కొట్లాడుకున్నారో. కానీ ఆ బోటు మునుగుతుంటే మాత్రం ముందు మనిషిని పైకి లాగుతారు, తగువు ఒడ్డుకొచ్చాక.

నీ కైజరు ఎండెన్‌కూ నీకూ ఐరన్ క్రాస్ ఇచ్చాడు. ఓడలకే ఆ గౌరవం దక్కింది మీ రెండింటికే. ఎండెన్ కెప్టెన్ ఫాన్ ముల్లర్ వర్తక నౌకను ముంచేముందు అందులోని జనాన్ని దించి వేరే ఓడ ఎక్కించేవాడు. అందుకు శత్రువులే అతణ్ణి మెచ్చుకున్నారు. మిమ్మల్ని ఒక్క గాట కట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ తర్వాత అక్టోబరు 15న హాక్ అనే మరో క్రూయిజర్‌ను 500 మందికి పైగా మనుషులతో ముంచావు. 1915 మేలో ష్పీస్ కెప్టెన్‌గా ఉండగా నీ దెబ్బకు పోయినవాటిలో చేపల పడవలున్నాయి. అంతకుముందే ఆ ఏడాది మార్చి 18న యు-29 అనే కొత్త జలాంతర్గామిలో వెడ్డిగెన్ పోయాడు. డ్రెడ్‌నాట్ యుద్ధనౌక నేరుగా వచ్చి గుద్దింది. అందులో ఒక్కరూ మిగల్లేదు. యుద్ధం ముగిశాక నిన్ను బ్రిటన్‌కు అప్పగించారు, 1919లో మోర్‌కంబ్‌లో విరిచేశారు.

నువ్వు తుక్కయి నూరేళ్లు దాటినా, జలాంతర్గాముల కథ చెప్పేవాళ్లు నిన్ను వీరగాథగానే చెబుతున్నారు. మూడు ఓడలు, ఆరు టార్పెడోలు అని లెక్క చెప్పి ఊరుకుంటారు. ఆ పొద్దుట ఫ్లోరా, టైటన్ అనే రెండు డచ్చి ఓడలూ, ఇంగ్లండులోని లోవెస్టాఫ్ట్ నుంచి వేటకొచ్చిన కోరియాండర్ అనే తెరచాప పడవా కూడా అక్కడికి వచ్చాయి. వాటి మీద ఆయుధాల్లేవు. మూడు పెద్ద ఓడల్ని మింగింది ఇంకా కిందే ఉందో పోయిందో వాళ్లకు తెలీదు. అయినా ఆగారు, చేతికందినవాళ్లనల్లా పైకి తీసుకున్నారు. మా బడిపిల్లలకు 1914 పాఠం చెప్పేటప్పుడు ఆ మూడు పేర్లూ బోర్డు మీద రాశాకే నీ పేరు రాస్తున్నాను. మిగతా ఊళ్ల మాస్టర్లనూ అలాగే రాయమని అడుగుతున్నాను.

ఇట్లు,
కోడూరు నుంచి ఒక బడిపంతులు