లేనిది లేదని చాటింపు

కొబ్బరిబోండాం మీద ‘ఇందులో చేపముల్లు లేదు’ అని చీటీ అంటించి పది రూపాయలు ఎక్కువ అడిగి చూడండి. విజయపురి సౌత్ లాంచీల రేవులో ఒక్కరు కూడా ఇవ్వరు. ‘ఏందయ్యా, ఎప్పుడన్నా ఉండిందా?’ అని నిలదీస్తారు. అదే పని ఆపిల్ సైడర్ సీసా మీద చేస్తే డాలస్‌లో మనవాళ్లు వరసలో నిలబడి కొంటారు. అంతటితో ఊరుకోరు. సెలవులకు వచ్చి, సాగర్ డ్యాం చూపించడానికి కారు మాట్లాడిన బావను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడుగుతారు: ‘బావా, ఇక్కడ గ్లూటెన్ ఫ్రీ హార్డ్ సైడర్ ఎక్కడ దొరుకుద్ది?’

పాపం బావకు తెలిసినవి బీరు, బ్రాందీ, 2024 అక్టోబరు నుంచి తొంభైతొమ్మిది రూపాయల క్వార్టరు. ఆయన మాచర్ల దాకా ఫోన్లు కలుపుతాడు.

గ్లూటెన్ అనేది గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే మాంసకృత్తు. సైడర్ ఆపిల్ రసాన్ని పులియబెడితే వచ్చేది. ఆపిల్ చెట్టుకు గోధుమ కంకి వేసిన దాఖలా ఇంతవరకు లేదు. ద్రాక్ష సారాయిలోనూ లేదు, చెరకు మడ్డితో చేసే రమ్ములోనూ లేదు. ధాన్యంతో చేసిన విస్కీ అయినా బట్టీ పెట్టి దించేటప్పుడు ఆ మాంసకృత్తు ఆవిరై పైకి రాదు, అడుగునే ఉండిపోతుంది. భయపడాల్సింది బార్లీ మాల్టుతో చేసే బీరుకు. నిజమే, కొన్ని సైడర్లలో రుచికోసం మాల్టు కలుపుతారు, కొన్నిచోట్ల బీరు పోసే గొట్టాల్లోంచే సైడరూ పోస్తారు. గ్లూటెన్ పడని జబ్బున్నవాళ్లు అది అడిగి తెలుసుకోవాల్సిందే. మన డాలస్ పెద్దమనిషి అడిగేది మాత్రం అది కాదు. సీసా మీద ఆ రెండు మాటలు అచ్చుపడి ఉన్నాయా లేదా అన్నదే ఆయన బెంగ.

ఇంతకీ ఆయన నిలబడి అడుగుతున్న ఈ పల్నాడు నేల ఎలాంటిదో చూడండి. కవిసార్వభౌముడు శ్రీనాథుడు పల్నాడు వచ్చి సజ్జకూడు, జొన్నకూడు మింగలేక చాటువులు చెప్పాడని ప్రతీతి. పూతన పాలు తాగావు, కార్చిచ్చు మింగావు, సరే, ఈ జొన్నముద్ద ఒక్కటి దిగమింగు, నీ పస చూస్తానని శ్రీకృష్ణుడికే సవాలు విసిరాడంటారు. పాపం, తన ఎదుట పెట్టింది నూటికి నూరుపాళ్లు గ్లూటెన్ ఫ్రీ విందు అని ఆయనకు చెప్పేవాళ్లు లేకపోయారు. చెప్పి ఉంటే తిట్టేవాడు కాదు. రెండో ముద్ద అడిగి, కనకాభిషేకంలో వచ్చిన బంగారం ఇచ్చి కొనుక్కునేవాడు.

ఆ తిట్లు భరించలేకనో ఏమో, మనవాళ్లు కష్టపడి జొన్నను వదిలించుకున్నారు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ సాగర్ డ్యాంకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ వెంట వరి వచ్చింది, వరన్నం తినడం హోదా అయింది, జొన్నసంకటి ముసలివాళ్ల తిండి అయింది. సరిగ్గా ఆ ముచ్చట తీరేసరికి అమెరికాలో జనం గోధుమకు దడిసి జొన్న వైపు తిరిగారు. 2006లో అక్కడి అతిపెద్ద బీరు కంపెనీ యాన్‌హైజర్ బుష్ ‘రెడ్‌బ్రిడ్జ్’ పేరుతో బార్లీ లేని బీరు దించింది. దేనితో చేశారనుకున్నారు? జొన్నతో. శ్రీనాథుడు మింగలేనిదాన్ని సీసాలో పోసి చల్లగా అమ్మారు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటించాక మనకూ ధైర్యం వచ్చింది. ఇప్పుడు అదే జొన్నపిండి అరకిలో పొట్లంలో, ‘గ్లూటెన్ ఫ్రీ’ అన్న ఆకుపచ్చ ముద్రతో, బియ్యం కన్నా ఎక్కువ ధరకు తిరిగొస్తోంది.

తాగుడు సంగతికొస్తే, ఈ ఊరు అందులోనూ వెనకబడింది కాదు. ఇక్ష్వాకు రాజుల నాటి విజయపురి తవ్వకాల్లో, చేతిలో తాగే కొమ్ము పట్టుకుని నిలబడ్డ పరదేశి శిల్పం దొరికితే కొందరు పండితులు అతను గ్రీకుల మధుదేవత డయోనైసస్ అన్నారు. ఎక్కణ్ణుంచో ఇక్కడిదాకా వచ్చిన ఆ దేవుడు కూడా కొమ్ము మీద ముద్ర ఉందా అని అడిగినట్టు శిల్పంలో ఆనవాలు లేదు.

ఇదంతా గ్లూటెన్ పడని సీలియాక్ రోగులను ఎగతాళి చేయడమని ఎవరైనా అనుకుంటే, ఆ రోగులకు అసలు అన్యాయం చేస్తున్నది ఎవరో చూడాలి. ఆ జబ్బు నిజం. 1944-45 చలికాలంలో హాలండులో కరువొచ్చి రొట్టె దొరక్కపోతే, ఈ జబ్బున్న పిల్లలు మాత్రం కోలుకున్నారు. రొట్టె మళ్లీ రాగానే జబ్బు తిరగబెట్టింది. గోధుమ మీద అంతకుముందే అనుమానమున్న డిక్కే అనే పిల్లల డాక్టరు దీంతో ఆ గుట్టు విప్పాడు. మన ఆహార భద్రతా సంస్థ కూడా కిలోకు 20 మిల్లీగ్రాములు దాటితే ఆ ముద్ర వేయకూడదని హద్దు గీసింది. ఆ రోగికి కావాల్సిన సమాచారం ఆపిల్ సీసా మీద ఉండదు. పులిహోరలో ఇంగువ వేస్తాం కదా, బజార్లో దొరికే ఆ ఇంగువ పొడిలో చాలా రకాలకు గోధుమపిండో మైదానో కలుపుతారు. గోబీ మంచూరియాలో మైదా, దాని మీద పోసే సోయాసాస్‌లో గోధుమ. పునుగుల పిండిలో గుప్పెడు మైదా. వీటిని అమ్మే బండి దగ్గర ఏ ముద్రా ఉండదు, ఎవరూ గొంతు తగ్గించి అడగరు.

మన డాలస్ పెద్దమనిషి రక్తపరీక్ష చేయించుకోలేదు. అడిగితే, ‘గ్లూటెన్ మానేశాక బాడీ లైట్‌గా ఉంది బావా’ అంటాడు. అని, సైడర్ దొరకని దిగులుతో రెండు ప్లేట్ల పునుగులు లాగిస్తాడు.

బావ చివరికి తెగించి అన్నాడు: ‘కల్లు తాగుతావా? చెట్టు మీదే పులుస్తది, ఏ పిండీ తగలదు.’ మాట నిజమే. తాటిచెట్టుకు కట్టిన లొట్టిలో, ఎవరూ ఏమీ కలపకుండా పొద్దెక్కేకొద్దీ తనంతట తానే పులిసే ఈ కల్లు కన్నా స్వచ్ఛమైన గ్లూటెన్ రహిత పానీయం ఏ ఆపిల్ తోటలోనూ దొరకదు. కాకపోతే చెట్టు కింద పట్టుకుని తాగాలి. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో దుకాణం కల్లు తాగి పలువురు చనిపోయారు. అందులో అల్ప్రాజోలం అనే నిద్రమత్తు మందు కలిపినట్టు తేలింది. గ్లూటెన్ కలిపినట్టు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ పీపాల మీద కూడా ఆకుపచ్చ ముద్ర నిక్షేపంగా వేసుకోవచ్చు.